తుప్పు డ్రమ్ములో పుష్పక్

పెడనలో నలుపు తుప్పులోంచి పుడుతుంది. కలంకారీ అద్దకం షెడ్డు వెనకాల నీడలో ఒక డ్రమ్ము. అందులో నీళ్ళు, బెల్లం, పాత ఇనుము. రోజుల తరబడి నానాక పులిసిన ఆ నీటిని వడగట్టి, కరక్కాయ పట్టించిన గుడ్డ మీద టేకు అచ్చుతో ఒత్తితే పడ్డ చోటల్లా నల్లటి గీత తేలుతుంది. డ్రమ్ములో మేకులున్నాయి, బోల్టులున్నాయి, విరిగిన తలుపు బందులున్నాయి. వాటి మధ్య ఒక స్కూటర్ కిక్ రాడ్ కూడా ఉంది.

అద్దకం పనివాడు దాన్ని కర్రతో పైకి లేపి చూపించాడు. "పుష్పక్‌దండీ. మా నాన్నగారి బండి. పార్టులు దొరక్క మూలన పడింది. చివరికి ఇదిగో, దీనికి పనికొచ్చింది" అని నవ్వి మళ్ళీ లోపలికి వదిలేశాడు. బుడుంగున మునిగింది.

అచ్చులు చూసి, రెండు దుప్పట్లు కొనుక్కుని పోదామని వచ్చిన యాత్రికుడికి ఆ తర్వాత దుప్పట్ల మీద మనసు నిలవలేదు.

పుష్పక్ అంటే ఇప్పటి కుర్రాళ్ళకి తెలియదు. దాన్ని అమ్మిన ఆల్విన్ అంటే వాళ్ళ అమ్మమ్మలకి తెలుసు, ఫ్రిజ్‌గా. తాతయ్యలకి తెలుసు, చేతి గడియారంగా. 1942లో, యుద్ధం నడుస్తుండగా, నిజాం ప్రభుత్వపు పారిశ్రామిక నిధీ అల్లావుద్దీన్ కంపెనీ కలిసి హైదరాబాద్‌లో పెట్టిన లోహ కర్మాగారం అది. ఇనుప రేకును వంచడం వాళ్ళ చేతి పని. రేకు వంచితే బీరువా అయింది, ఇంకోలా వంచితే ఫ్రిజ్ అయింది, పెద్దగా వంచితే బస్సు అయింది. అక్కడితో ఆగినా బాగుండేదేమో. జపాన్ సైకోతో కలిసి వాచీలు చేశారు, స్కూటర్లు అమ్మారు, ఆఖరికి నిస్సాన్‌తో కలిసి లారీలకూ దిగారు. ఊళ్ళో శెట్టిగారి కొట్లో ఉప్పు నుంచి గొడుగు దాకా దొరికినట్టు, ఒకే బోర్డు కింద ఇన్ని రకాలు పెట్టుకున్న కంపెనీ తెలుగు నేల మీద అరుదు.

ఆ కంపెనీ ఇప్పుడు లేదు. దాని జాడ వెతుక్కుంటూ పోవాలనుకుంటే మాత్రం పెడన మనిషికి చాలా సుళువు. దిగువ కృష్ణకీ ఆల్విన్‌కీ మధ్య దేవుడు వేసినట్టు రెండు దారులున్నాయి. బందరు దగ్గర మొదలయ్యే 65వ నంబరు జాతీయ రహదారి విజయవాడ, హైదరాబాద్ మీదుగా, మియాపూర్ ఆల్విన్ చౌరస్తాని దాటి, జహీరాబాద్‌ని ఒరుసుకుంటూ పుణె దాకా పోతుంది. రాత్రి బందరులో కదిలే బీదర్ ఎక్స్‌ప్రెస్‌దీ దాదాపు అదే తోవ: గుడివాడ, బెజవాడ, సికింద్రాబాద్, లింగంపల్లి, వికారాబాద్, జహీరాబాద్. అటు బస్సు బాడీలు కట్టిన హైదరాబాద్, ఇటు లారీలు చేసిన జహీరాబాద్. ఆల్విన్ కథంతా ఒకే టికెట్టు మీద చదవొచ్చు.

రైలు పెడన మీంచే వెళుతుంది గానీ, జనరల్ పెట్టెలో సీటు కావాలంటే బయలుదేరే చోటికే పోయి ఎక్కడం మేలు. పది కిలోమీటర్లు. షేర్ ఆటోలో వెనక నలుగురు, ముందు డ్రైవరుకి అటొకరు ఇటొకరు, నేత చీరల మూట ఒకటి. చిలకలపూడి దగ్గర ఇంకో పెద్దాయన చెయ్యి ఎత్తితే డ్రైవరు ఆపాడు. "కొంచెం జరగండి బాబాయ్" అన్నాడు. జరిగారు. పుష్పక విమానానికి ఎందరెక్కినా ఇంకొకరికి చోటుంటుందని పురాణం చెప్పుకుంటాం. హైదరాబాద్‌లో స్కూటరుకి ఆ పేరు పెట్టిన మనిషెవరో గానీ, ముందు పిల్లాడు, వెనక ఇల్లాలు, ఆమె ఒళ్ళో చంటిది, కాళ్ళ దగ్గర బియ్యం సంచీ ఉన్న బండిని బాగా చూసే పెట్టుంటాడు.

రైలు కదిలింది. పెడన చీకట్లో రెండు లైట్లుగా వచ్చి పోయింది. గుడివాడ దాటేసరికి పెట్టెలో సగం మంది నిద్ర.

పుష్పక్ పుట్టిల్లు హైదరాబాద్ కాదు, దాని ఇంజను వచ్చిన లక్నో కూడా కాదు. ఇటలీలో మిలాన్ నగరం పక్కన లాంబ్రాతె అనే పేట. అక్కడ ఉక్కు గొట్టాల వ్యాపారి ఫెర్డినాండో ఇన్నొచెంటి ఫ్యాక్టరీ రెండో ప్రపంచ యుద్ధంలో బాంబుల పాలైంది. యుద్ధం అయ్యాక జనానికి కార్లు కొనే శక్తి లేదు, నడిచే ఓపిక లేదు. గొట్టాలు చేసే చేతులు 1947లో గొట్టం చట్రం మీద చిన్న చక్రాల బండి చేశాయి. ఆ పక్కనే పారే లాంబ్రో ఏటి పేరు మీద దానికి లాంబ్రెట్టా అని పేరు పెట్టారు. ఏటి పేరు బండికి పెట్టుకున్నారన్నమాట. మన వాళ్ళయితే బుడమేరు అని పెట్టేవారా? అనుమానమే.

ఇన్నొచెంటి ఆ తర్వాత కార్లూ చేశాడు. బ్రిటిష్ కంపెనీల లైసెన్సు మీద ఆస్టిన్, మినీ కార్లు ఇటలీలో ఆ పేరుతోనే తయారయ్యాయి. ఈ రోజు ఆ కార్ల పేరు అంగట్లో లేదు. చేతులు మారుతూ మారుతూ ఫియట్ దగ్గరికి చేరి, 1990ల్లో ఆగిపోయింది. కానీ బతికున్నన్నాళ్ళూ ఆ ఫ్యాక్టరీ చేసిన వింత పనులు ఇన్నీ అన్నీ కావు. వాటన్నిటిలోకీ తలమానికం 1951 నాటిది. మన పుష్పక్‌లో ఉండే దానికంటే చిన్నది, 125 సీసీ ఇంజను. దానికి గాలిని బలవంతంగా ఎక్కించే సూపర్‌ఛార్జర్ తగిలించి, మనిషితో సహా బండినంతటినీ చేప లాంటి రేకు తొడుగులో మూసేశారు. రొమోలో ఫెర్రి అనే ఆయన అందులో దూరి జర్మనీలో మ్యూనిక్, ఇంగోల్‌స్టాట్ మధ్య రోడ్డు మీద తోలాడు. గంటకు 200 కిలోమీటర్లు దాటింది. 125 సీసీ స్కూటరు! తొడుగు లోపల చెమటలు పట్టిన ఆ మనిషికి, ఈ బండి దాయాది ఒకటి పాతికేళ్ళ తర్వాత బందరు కాలవ గట్టు మీద పాల క్యాన్లు మోస్తుందని ఎవరైనా చెబితే నమ్మేవాడా?

స్కూటర్ల గిరాకీ పడిపోయాక మిలాన్‌లో లాంబ్రెట్టా ఆపేశారు. 1972లో భారత ప్రభుత్వం స్కూటర్స్ ఇండియా అనే సంస్థ పెట్టి, ఆ యంత్రాలనీ హక్కులనీ కొని, ఫ్యాక్టరీని మూటగట్టి లక్నోకి తెచ్చింది. ఆ రోజుల్లో బజాజ్ స్కూటరుకి డబ్బు కట్టినవాడు ఏళ్ళ తరబడి ఎదురుచూడాలి. కొడుకు పుట్టినప్పుడు బుక్ చేస్తే బడికి వెళ్ళే వేళకి బండి వస్తుందని ఎకసెక్కాలాడేవారు. కాబట్టి రాష్ట్రానికొక స్కూటరు అన్న ఆలోచన పుట్టింది. ఇంజను లక్నోది, మిగతా బండి, పేరు ఆ రాష్ట్రానివి. అలా మనకొచ్చింది పుష్పక్. మొదట ఆంధ్రప్రదేశ్ స్కూటర్స్ అని, ఆ పైన ఆల్విన్ గొడుగు కింద.

బండిగా చూస్తే పుష్పక్ తక్కువదేం కాదు. బజాజ్ చేతక్‌కి ఇంజను కుడిపక్కన వేలాడుతుంది. స్టార్టు కాకపోతే బండిని ఓ పక్కకి వంచి, లేపి, కిక్ కొట్టడం మన నాన్నలందరికీ వచ్చిన విద్య. లాంబ్రెట్టా వంశానికి ఆ బాధ లేదు. ఇంజను నడిమధ్య కూర్చుంటుంది, గొలుసు పెట్టె లోపల మూసి ఉంటుంది, బరువు రెండు వైపులా సమం. వానాకాలం కాలవ గట్టు మీద జారే బురదలో ఇది చిన్న సంగతి కాదు. మరెందుకు ఓడింది? పెడనలో ఆ కిక్ రాడ్ ఎత్తిన మనిషి ఒక్క ముక్కలో చెప్పేశాడు: పార్టులు. బజాజ్ విప్పగలిగిన మెకానిక్ సందుకొకడు. పుష్పక్ విప్పగలిగినవాడు ఊరికొకడు, వాడికీ సామాను పెద్ద ఊరి నుంచి రావాలి. రేకు ఒక చోట, ఇంజను ఒక చోట పుట్టిన బండి పాడైతే ఎవరి గడప తొక్కాలి? పెళ్ళికొడుకు మంచివాడే, వియ్యంకుల మధ్యే మాటల్లేవు.

తెల్లారేసరికి సికింద్రాబాద్. యాత్రికుడు అక్కడ దిగి, ఒక రోజు ఆగి, మర్నాడు అదే బండి పట్టుకుందామనుకున్నాడు. ముందు ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర బస్ భవన్‌కి పోవాలి. అక్కడ అద్దాల్లాంటి ఎండలో ఒక ముసలి బస్సు ఉంది. నిజాం రైల్వే వాళ్ళు 1932 జూన్‌లో 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా మొదలుపెట్టిన కాలం నాటి అల్బియన్. ముందు పొడుగాటి మూతి, పక్కలకి రెండు దీపాలు, లోపల ఇరవై మందికి అటూ ఇటూగా చోటు. ఈ అల్బియన్ కంపెనీ కథా వింతే. స్కాట్లండ్‌లో 1899లో కార్లతోనే మొదలుపెట్టి, మొదటి ప్రపంచ యుద్ధం నాటికి కార్లు మానేసి, లారీలూ బస్సులే బతుకుదెరువు చేసుకుని, చివరికి లేలాండ్‌లో కలిసిపోయింది. తన దేశంలో పేరు చెరిగిపోయిన బండి హైదరాబాద్‌లో పసుపు కుంకుమలతో ఉంది.

దాని నంబరు పలక మీద హెచ్‌వై తర్వాత జెడ్ అన్న అక్షరం ఉంటుంది. నిజాం తన తల్లి జహ్రా బేగం పేరు బస్సుల మీద ఉండాలని కోరాడని, అదే జెడ్‌గా నిలిచిందని హైదరాబాద్‌లో చెప్పుకుంటారు. బందరు డిపో బస్సుల మీద ఏపీ 16 జెడ్ అని చదివి చదివి కళ్ళు అలవాటైపోయిన దిగువ కృష్ణ మనిషికి, తాను రోజూ ఎక్కిన బస్సు మీద ఓ రాజమాత పేరుందని ఇక్కడ తెలియడం తమాషాగా ఉంటుంది.

ఆ తర్వాతి బస్సులకి చొక్కా తొడిగింది ఆల్విన్. చట్రం, ఇంజను లేలాండ్ లాంటి వాళ్ళు ఇస్తే, పైన మొత్తం బాడీ సనత్‌నగర్, ఎర్రగడ్డ వైపున్న షెడ్లలో కట్టేవారు. అందులో డబుల్ డెక్కర్లూ ఉన్నాయి. బస్సు బాడీ కట్టడం ఫ్రిజ్ చేసినట్టు కాదు. రేకు ఒకటే కావచ్చు. ఫ్రిజ్ వంటింటి మూల కదలకుండా కూర్చుంటుంది, బస్సు బాడీ మాత్రం రోజుకి వంద గుంతల్లో పడి లేస్తుంది. రివెట్టు వదులైతే కిటికీ గణగణలాడుతుంది. పై అంతస్తున్న బస్సు మలుపు తిరిగేటప్పుడు ఎటూ ఒరక్కూడదు, కాబట్టి పైన రేకు పల్చన, కింద బరువు. ఎనభైల్లో హైదరాబాద్‌లో చదివిన కోస్తా కుర్రాళ్ళకి ఆ పై అంతస్తు ముందు సీటే మొదటి వింత. 2003 నాటికి ఆ బస్సుల్ని తీసేశారు. 2023 ఫిబ్రవరిలో ఫార్ములా ఇ పందేల వేళకి మూడు కరెంటు డబుల్ డెక్కర్లు టాంక్‌బండ్ మీదికి వచ్చాయి. చక్కగా, చల్లగా ఉన్నాయి. కానీ కిటికీలు తెరుచుకోవు. పై అంతస్తులో కూర్చుని మొహానికి హుస్సేన్‌సాగర్ గాలి తగలకపోతే అదేం డబుల్ డెక్కర్?

సాయంత్రం మియాపూర్. ఆల్విన్ చౌరస్తాలో నిలబడి ఆల్విన్ ఏదని అడిగితే "ఇదే" అంటారు. కూకట్‌పల్లి వైపు ఆల్విన్ కాలనీ కూడా ఉంది. కంపెనీ పోయి పేర్లు మిగిలాయి. ఫ్రిజ్‌ల విభాగం 1990ల్లో వోల్టాస్‌లో కలిసింది. లారీల పని తప్ప మిగిలినవి ఒక్కొక్కటే మూతపడ్డాయి. చౌరస్తాలో టీ కాచే కుర్రాడికి ఆల్విన్ అంటే బస్ స్టాపు.

అంతకుముందు బహదూర్‌పురాలో ఇంకొకటి చూశాడు యాత్రికుడు. సుధా కార్ల మ్యూజియం. క్రికెట్ బ్యాట్ ఆకారంలో కారు, వంకాయ ఆకారంలో కారు, కెమెరా ఆకారంలో కారు. అన్నీ నడుస్తాయి. వాటిని చేసిన కె. సుధాకర్ 2005లో 41 అడుగులకు పైగా ఎత్తున్న మూడు చక్రాల సైకిల్ తొక్కి గిన్నిస్‌కి ఎక్కాడు. ఇవి అమ్మకానికి కావు కాబట్టే బతికి ఉన్నాయి. ఆల్విన్‌కి ఆ వెసులుబాటు లేదు. అది చేసిన ప్రతి ప్రయోగం సంతలోకి వెళ్ళి, ధర పలికి, వడ్డీ కట్టి నిలబడాల్సిందే.

మర్నాడు పొద్దున మళ్ళీ అదే రైలు. లింగంపల్లి దాటితే నగరం పల్చబడుతుంది. వికారాబాద్ దగ్గర బండి ఉత్తరానికి తిరిగాక నేల రంగే మారిపోతుంది. డెల్టాలో నల్ల రేగడి, పచ్చని మడి చూసిన కళ్ళకి ఈ ఎర్రటి, గులకరాళ్ళ మెట్ట కొత్త. కోహిర్‌లో జామకాయల బుట్టలతో ఇద్దరు ఆడవాళ్ళు ఎక్కారు. తర్వాతి పెద్ద స్టేషనే జహీరాబాద్.

ఇక్కడే ఆల్విన్ చివరి పెద్ద సాహసం చేసింది. 1980ల మొదట్లో కేంద్రం చిన్న లారీల కోసం జపాన్ కంపెనీలకు తలుపులు తెరిచింది. నలుగురు అల్లుళ్ళు నాలుగు రాష్ట్రాలకి వచ్చారు. టొయోటాని డీసీఎం ఉత్తరప్రదేశ్‌కి తెచ్చుకుంది, మాజ్దాని పంజాబ్ వాళ్ళు స్వరాజ్‌తో కలుపుకున్నారు, మిత్సుబిషి ఐషర్‌తో మధ్యప్రదేశ్‌కి పోయింది. నిస్సాన్ మన జహీరాబాద్‌కి వచ్చింది. బండి పేరు కాబ్‌స్టార్. మూతి లేని లారీ. డ్రైవరు కాళ్ళ కిందే ఇంజను, సామానుకి పొడుగాటి చోటు. మూతి ఉన్న పాత లారీలకి అలవాటుపడిన డ్రైవర్లకి ముందు రేకు తప్ప అడ్డు లేని ఆ సీట్లో కూర్చోవడం మొదట్లో గుండెలు చేత్తో పట్టుకున్నట్టే. గుడివాడ ధాన్యం మిల్లుకి, బందరు చేపల ఐసుకి, పెడన చీరల బేళ్ళకి చక్కగా సరిపడే సైజు అది. పెద్ద లారీ నిండదు, ఆటో చాలదు, ఆ మధ్య బండి అన్నమాట.

ఆల్విన్‌ని దెబ్బ కొట్టింది రోడ్డు కాదు, యెన్. ఈ బండ్లలో చాలా భాగాలు జపాన్ నుంచే రావాలి. 1985లో డాలరుకి 240 యెన్ల దగ్గరున్న మారకం 1988 నాటికి 125 దరిదాపులకు చేరింది. అంటే అదే పెట్టెలోని అదే గేరు చక్రానికి సుమారు రెట్టింపు ధర. ఈలోగా 1986లో టాటా వాళ్ళు 407 తెచ్చారు. పార్టులన్నీ ఇక్కడివే, మెకానిక్ ప్రతి మలుపులో ఉన్నాడు, ధర తక్కువ. పుష్పక్ కథే మళ్ళీ, ఈసారి నాలుగు చక్రాల మీద. జపాన్ బండి మెత్తన అన్నారు డ్రైవర్లు, 407 కొన్నారు యజమానులు. 1989లో ఆల్విన్ నిస్సాన్‌ని మహీంద్రా తీసుకుంది. ఆ తర్వాత పేరులోంచి నిస్సాన్, ఆల్విన్ రెండూ రాలిపోయాయి.

ఇంతకీ తప్పు ప్రయోగానిదా? యాత్రికుడికి అలా అనిపించలేదు. నలుగురు అల్లుళ్ళలో ఐషర్ నిలదొక్కుకుంది, స్వరాజ్ మాజ్దా పేరు మార్చుకుని చాలాకాలం నడిచింది. జపాన్ భాగాల స్థానంలో మన భాగాలు ఎంత త్వరగా వచ్చాయన్నదే తేడా. ఒకే ఖజానాలోంచి ఫ్రిజ్‌కీ, వాచీకీ, స్కూటరుకీ, లారీకీ డబ్బు తీయాల్సిన ఇంట్లో ఆ తొందర ఉండదు. ఏ బిడ్డకీ కడుపు నిండదు.

ఇప్పుడు మహీంద్రాదైన ఆ ఫ్యాక్టరీ గేటు దగ్గర లోపలికి పోనివ్వరు. పోనివ్వనక్కర్లేదు కూడా, చూడవలసింది బయటికే వస్తుంది. మధ్యాహ్నం ఎండలో పొడుగాటి ట్రైలరు ఒకటి గేటు దాటి రోడ్డెక్కింది. దాని మీద ఎర్ర ట్రాక్టర్లు వరసగా, ముక్కు ముక్కుకి తగిలేలా, ఒకదాని వెనక చక్రాలు ఇంకోదాని మీదికి ఎక్కించి కట్టి ఉన్నాయి. 2013 నుంచి మహీంద్రా జహీరాబాద్‌లో ట్రాక్టర్లు కూడా చేస్తోంది. ఇప్పుడు బ్యాటరీ ఆటోలూ వస్తున్నాయి. ట్రైలరు డ్రైవరు ఆగి టీ తాగుతుంటే యాత్రికుడు పలకరించాడు.

"ఎక్కడికండీ?"

"బెజవాడ సార్. ఆ పైన గుడివాడ."

సార్వా దమ్ముకి. ఇనుప దమ్ము చక్రాలు తగిలించుకుని ఆ ట్రాక్టర్లు డెల్టా మడుల్లో బురద కలుపుతాయి. కాబ్‌స్టార్ వెళ్ళలేక ఆగిపోయిన దారిలోనే, అదే 65వ నంబరు రోడ్డు మీద, అదే ఊరి నుంచి.

సాయంత్రం బీదర్ నుంచి తిరిగొచ్చే బండిలో యాత్రికుడికి కిటికీ సీటే దొరికింది. మర్నాడు పొద్దున బందరులో దిగి, ఆటో ఎక్కి పెడన పోయి, అద్దకం షెడ్డు వెనక్కి నడిచాడు. డ్రమ్ములో చెయ్యి పెట్టాడు. కిక్ రాడ్ పట్టుకుంటే పొరలు పొరలుగా ఊడి వచ్చింది. సగానికి పైగా అప్పటికే గుడ్డల మీదికి పోయింది.

మీ సావిట్లోనో, గడ్డివాము పక్కనో ఓ పుష్పక్ ఉందేమో చూడండి. పాత ఇనుము కొనేవాడు సైకిల్ బెల్లు కొట్టేలోగా దాన్ని ఓ ఫొటో తీయండి, ఇంజను మీది నంబరు రాసుకోండి, ఆర్సీ పుస్తకం మాత్రం ఎవరికీ ఇవ్వకండి.